ఆయన సరిహద్దులో ఉంటే... మీరు ఎక్కడ ఉండాలి?

ఆ మధ్య ముప్ఫై ఏళ్ల మహిళ ఒకరు గుండెదడ అంటూ మా ఓపీకి వచ్చారు. నిద్ర లేదు, ఆకలి లేదు. ఈసీజీ, థైరాయిడ్‌, హిమోగ్లోబిన్‌... అన్నీ మామూలుగానే ఉన్నాయి. ‘ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?’ అని అడిగాను. ‘నేనూ, ఇద్దరు పిల్లలేనండీ. మా వారు ఆర్మీలో హవల్దార్‌. ఇప్పుడు కశ్మీర్‌లో ఉన్నారు’ అన్నారు. ఆయనకు బదిలీ అయ్యాక కంటోన్మెంట్‌ క్వార్టర్‌ ఖాళీ చేసి, ఊరి చివర మూడో అంతస్తులో అద్దెకు దిగారట. అక్కడైతే అద్దె తక్కువ. ‘అర్ధరాత్రి చిన్నోడికి జ్వరమొస్తే ఎవరి తలుపు తట్టాలో తెలియదండీ’ అంటూ కళ్లు తుడుచుకున్నారు. ఆమె దడకు కారణం అప్పుడు అర్థమైంది.

జవాన్‌ను ఫీల్డ్‌ ఏరియాకు పంపితే భార్యాపిల్లలు వెంట వెళ్లడానికి వీలుండదు. అప్పుడు ఉండేవి మూడు దారులు. కంటోన్మెంట్‌లోనే ఉండటం, బయట అద్దెకు ఉండటం, అత్తగారింటికో పుట్టింటికో వెళ్లడం. చాలా ఇళ్లలో అద్దె ఎంత, హెచ్‌ఆర్‌ఏ ఎంత అన్న లెక్కతోనే ఈ నిర్ణయం అయిపోతుంది. నా దృష్టిలో ఇది ఆరోగ్యానికి సంబంధించిన నిర్ణయం. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండబోయే ఆమె మాటే ఇక్కడ ముందు వినాలి.

క్వార్టర్‌ దొరికితే వదులుకోవద్దు

ఫీల్డ్‌లో ఉన్నవారి కుటుంబాల కోసం సైన్యం కొన్ని స్టేషన్లలో విడిగా క్వార్టర్లు ఇస్తుంది. వీటిని ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. గర్భిణులు, పసిపిల్లల తల్లులు, ఆస్తమా, బీపీ ఉన్నవారు, గతంలో డిప్రెషన్‌కు చికిత్స తీసుకున్నవారు ముందుగా దీనికే ప్రయత్నించాలని నా సలహా. పక్కింటామె భర్త కూడా సరిహద్దులోనే ఉంటారు కాబట్టి మీ బెంగను విడమరచి చెప్పాల్సిన పని ఉండదు. సికింద్రాబాద్‌లో మిలిటరీ హాస్పిటల్‌, విశాఖలో నౌకాదళానికి ఐఎన్‌హెచ్‌ఎస్‌ కల్యాణి ఉన్నట్టు పెద్ద స్టేషన్లలో ఆసుపత్రి దగ్గర్లోనే ఉంటుంది. భార్యాపిల్లలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు అక్కడ వైద్యం ఉచితం.

అయితే ఇవి అడిగిన వెంటనే దొరకవు. కొన్నిచోట్ల పాత ఇళ్లు, గోడలకు చెమ్మ ఉంటాయి. ఆస్తమా ఉన్న పిల్లలుంటే ఇల్లు చూశాకే ఒప్పుకోండి.

బయట ఉండాల్సి వస్తే...

మీ ఉద్యోగం, పిల్లల చదువు, అమ్మానాన్నల అనారోగ్యం... బయట ఉండటానికి ఇవన్నీ సరైన కారణాలే. అలాంటప్పుడు అద్దె కంటే ముందు మూడు విషయాలు చూడండి. రాత్రిపూట పనిచేసే ఆసుపత్రి ఎంత దూరం? మీ ఇంటి తాళం చెవి ఒకటి ఇచ్చి ఉంచగల మనిషి పక్కన ఉన్నారా? మరో సైనిక కుటుంబం దగ్గర్లో ఉందా? వీటిలో రెండైనా లేకపోతే అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వద్దు. 108కు ఫోన్‌ చేస్తే చెప్పాల్సిన చిరునామా, గుర్తు పెద్ద పిల్లలకూ నేర్పండి.

ఊరికి వెళ్తే...

ఊళ్లో మనుషుల అండ ఉంటుంది కానీ మందులు, టీకాలు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పిల్లల టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. పుట్టగానే వేసేవి కాక 6, 10, 14 వారాలకు, తొమ్మిది నెలలు నిండాక, మళ్లీ 16-24 నెలల మధ్య వేయించాల్సినవి ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితమే. బీపీ, షుగర్‌ మాత్రలు కనీసం నెలకు సరిపడా దగ్గర ఉంచుకోండి. పాత చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. బిడ్డ పుడితే పార్ట్‌-2 ఆర్డర్‌లో పేరు నమోదు చేయించమని ఆయనకు వెంటనే చెప్పండి. అది ఆలస్యమైతే మిలిటరీ హాస్పిటల్‌లో మీరే ఇబ్బంది పడతారు.

ఎక్కడున్నా ఒక జాగ్రత్త. దడ, ఆయాసం వస్తే ‘బెంగ వల్లేలే’ అని మీకు మీరే తేల్చుకోవద్దు. ముందు పరీక్షలు చేయించుకోండి. అన్నీ బాగున్నా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్‌కు చెప్పండి. టెలీ మానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇది ఉచితం.

అన్నల్లారా, సెలవు అయిపోయి రైలెక్కే రోజు ఈ విషయం తేల్చకండి. వారం ముందే కూర్చుని ‘నీకు ఎక్కడ ధైర్యంగా ఉంటుంది?’ అని మీ ఆవిడను అడగండి. అత్తమామలు కూడా ఆ జవాబును గౌరవించాలి. ప్రభుత్వానికీ ఒక విన్నపం: ఎస్‌ఎఫ్‌ఏ ఇళ్లు పెంచండి. నిండు గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్లను ఖాళీ చేయమని తొందరపెట్టకండి.

ఇంతకీ ఆ మహిళ ఎస్‌ఎఫ్‌ఏకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఇంకా వెయిటింగ్‌లోనే ఉన్నారు. ఈలోపు మరో జవాన్‌ కుటుంబం ఉన్న వీధిలో కింది పోర్షన్‌కు మారారు. అద్దె కాస్త ఎక్కువే. మొన్న వచ్చినప్పుడు ‘దడ అప్పుడప్పుడు వస్తోంది కానీ, నిద్ర పడుతోందండీ’ అన్నారు.