కాపలావాడి పేరు పట్టీలో ఉన్నదా?

పిల్లలూ! హాజరుపట్టీలో పేరు లేని కుర్రవాడు బడికి రాకపోతే ఎవరైనా అడుగుతారా? అడగరు. కంప్యూటరులోనూ అంతే!

లినక్స్‌తో నడిచే కంప్యూటర్లను కనిపెట్టి ఉండే కాపలా ప్రోగ్రాములున్నవి. 1999లో నెట్‌సెయింట్‌గా పుట్టి, 2002లో పేరు మార్చుకున్న నాగియోస్ అలాంటిదే. డిస్కు నిండుతున్నా, యంత్రం ఆగినా కబురు చేస్తుంది.

దీన్ని రెండు విధాల పెట్టుకోవచ్చును. డెబియన్ వంటి లినక్స్‌లో సిద్ధంగా ఉండే ప్యాకేజీ తెచ్చుకోవటం ఒకటి. సోర్స్ కోడ్ తెచ్చి మనమే తయారు చేసుకోవటం రెండవది. రెండవ పద్ధతిలో సరికొత్తది దొరుకుతుంది, కావలసిన మార్పులు చేసుకోవచ్చును, పని కూడా వస్తుంది.

బడిలో ఉండగా నేను సరదాపడి సోర్స్ నుంచే చేశాను. కొన్నాళ్లకు లినక్స్‌ను కొత్తది చేశాం. నా ప్రోగ్రాము ఆధారపడిన లైబ్రరీ ఒకటి మారి, అది కాస్తా ఆగిపోయింది. కబురు రాలేదు గనక అంతా క్షేమమనుకున్నాం! డిస్కు నిండి, పిల్లల మార్కులు ఎక్కించటం కుదరనప్పుడుగాని సంగతి తెలియలేదు.

ప్యాకేజీ పేరు లినక్స్ పట్టీలో ఉంటుంది. దానికి ఏ లైబ్రరీలు కావాలో పట్టీకి తెలుసు. భద్రతా లోపాలకు మరమ్మతులు వచ్చినా ఆ దారినే అందుతవి. సోర్స్ నుంచి చేసినదానికి పట్టీ రాయవలసింది మనమే.

కనుక రోజువారీ కాపలాకు ప్యాకేజీ, నేర్చుకునేందుకు వేరే యంత్రంలో సోర్స్ మంచిది. ఏది పెట్టినా, కాపలావాడు మేలుకొని ఉన్నాడా అని అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.