ముందు వేడి... ఆపైనే చలి!

సంక్రాంతి వెళ్లిన రోజుల్లో వత్సవాయి నుంచి జగ్గయ్యపేట వెళ్లినవాళ్లు సంచీ నిండా కూరగాయలతో తిరిగొస్తారు. బఠాణీ, క్యారెట్, కాలీఫ్లవర్, టమాటా... అన్నీ తాజాగా, అందుబాటు ధరలో దొరికే కాలమది. ఎండలు ముదిరాక వాటి ధర కొండెక్కి కూర్చుంటుంది. 2023 జులైలో కిలో టమాటా వంద రూపాయలు దాటేసింది. అదే నెలాఖర్లో మున్నేరు పొంగి, ఐతవరం దగ్గర హైవే మీద రాకపోకలు నిలిచిపోయాయి. అలాంటప్పుడు ఫ్రీజర్లో నాలుగు ప్యాకెట్లుంటే ఇల్లాలికి ఎంత ధీమా!

కానీ చాలా ఇళ్లలో ఈ ప్రయత్నం ఒక్కసారితోనే ఆగిపోతుంది. బీన్స్ తరిగి, కవర్లో కట్టి, ఫ్రీజర్లో పడేస్తారు. రెండు నెలలకు తీస్తే రంగు వెలిసిపోయి, ఎండుగడ్డి వాసన. డబ్బూ శ్రమా రెండూ చెత్తబుట్ట పాలు. తప్పు ఫ్రిజ్‌ది కాదు. కోశాక కూడా కూరగాయలోని ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. చలి వాటిని నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. వాటిని ఆపేది మరిగే నీళ్లు!

పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లనివ్వాలి. పావుకిలో ముక్కలకు రెండు లీటర్ల నీళ్లైనా ఉండాలి. ముక్కలు వేశాక నీళ్లు మళ్లీ మరగడం మొదలైన క్షణం నుంచి లెక్క పెట్టుకోవాలి. బఠాణీలకు నిమిషంన్నర, క్యారెట్ ముక్కలకూ ఆకుకూరలకూ 2 నిమిషాలు, బీన్స్, లేత బెండకాయ, కాలీఫ్లవర్‌లకు 3 నిమిషాలు. వెంటనే వార్చి, ఐసు వేసిన నీళ్లలో అంతేసేపు ఉంచాలి. లేదంటే ఆ వేడికే మెత్తబడిపోతాయి. తర్వాత శుభ్రమైన బట్టమీద తడి ఆరనిచ్చి, పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టించాలి. అప్పుడు కవర్లో నింపి, గాలంతా నొక్కేసి మూతి కట్టాలి. ఇలా చేస్తే ముక్కలు ముద్దకట్టవు, కావలసినన్నే తీసుకోవచ్చు. వండేటప్పుడు కరగబెట్టే పనిలేదు, నేరుగా బాణలిలో వేసేయడమే.

టమాటాలకైతే ఉడికించే పని కూడా లేదు. కడిగి, తుడిచి అలాగే పెట్టేయొచ్చు. కూరకూ చారుకూ బాగుంటాయి. దోసకాయ, ముల్లంగి, పచ్చి బంగాళదుంప మాత్రం ఫ్రీజర్‌కు పనికిరావు. కరిగాక నీరుగారిపోతాయి.

ఫ్రీజర్లో చలి మైనస్ 18 డిగ్రీలుంటే కూరగాయలు ఎనిమిది నెలల పైనే నాణ్యంగా ఉంటాయి. మీ ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిగా ఉండటం లేదా? అయితే అక్కడ పెట్టినవి నెలలోపే వాడేయండి.

అసలు సమస్య కరెంటుతోనే. చలి సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుందంతే. చలి తగ్గితే అవి లేచి కూర్చుంటాయి. నిండుగా ఉన్న డీప్‌ఫ్రీజర్ తలుపు తీయకపోతే దాదాపు 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు తట్టుకుంటుంది. చిన్న ఫ్రిజ్, అందులోనూ మే నెల ఎండల్లో, అంతసేపు ఆగుతుందని నమ్మకండి. ఊరెళ్లేముందు ఓ చిన్న చిట్కా... గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దానిమీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే ఫర్వాలేదు. అడుక్కి దిగిపోయి ఉంటే ఆ కూరగాయలు ఎప్పుడో కరిగి, మళ్లీ గడ్డకట్టాయని అర్థం. వాసన బాగానే ఉన్నా పారేయడమే క్షేమం. మీరు ఇంట్లో ఉండగానే కరెంటు పోయి, ముక్కలకు ఇంకా ఐసు పట్టి ఉంటే మాత్రం అదే పూట వండేసుకోవచ్చు.

అందుకే అత్తగారి వరుగులను తీసిపారేయకండి. వంకాయ, కాకర, గోరుచిక్కుడు ముక్కల్ని ఎండబెట్టి డబ్బాలో దాస్తే కరెంటుతో పనేలేదు. ఈ మెట్ట ప్రాంతంలో ఎండకు కొదవా? బఠాణీ, బీన్స్ ఫ్రీజర్‌కు... వంకాయ, కాకర ఎండకు. ఇలా పంచుకుంటే రెండు రోజులు కరెంటు లేకపోయినా ఇంట్లో కూరకు లోటుండదు. ఇక ప్యాకెట్‌మీద తేదీ రాయడం మరిచిపోకండి. ముందు పెట్టినవి ముందు వాడాలి కదా!