మేనరికమును రోగబీజమును

“మేనరికము పెద్దల యాచారము, తప్పు పట్టనేల?” యని మా మాడుగుల ప్రాంతమునఁ జదువుకొన్నవారు సైతము వాదింతురు. బౌధాయనుఁడు దానిని దాక్షిణాత్యాచారముగాఁ బేర్కొనెను గదా యందురు. పేర్కొనినంతమాత్రమున హితమగునా? సగోత్రమన్న నులికిపడువారికి మేనమామ రక్తము పరాయిదా? గోత్రము తండ్రివలననే వచ్చును. రోగబీజము తల్లిదండ్రు లిరువురివలనను వచ్చును. ఏ బీజమైనను ఒకే పూర్వునినుండి రెండువైపులను బిడ్డకు సంక్రమించు నవకాశము, మేనమామను బెండ్లాడినచో 8 పాళ్లలో 1 పాలు. మేనబావనైనచో 16 పాళ్లలో 1 పాలు. 1963లోనే ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖానులు ఆంధ్రప్రదేశమందలి యిట్టి వివాహముల ఫలములను బరిశోధించి ప్రకటించిరి. మేనరికపు బిడ్డలెల్లరు రోగులగుదురని కాదు. అపాయము హెచ్చునని మాత్రమే. ఐనను బిడ్డ చెవిటిదైనచోఁ గోడలి కర్మమందురు! సంబంధము కుదిర్చినది పెద్దలు, నింద మోయునది కోడలు. ఆస్తి యిల్లు దాటకుండుటకై పుట్టఁబోవు బిడ్డ యారోగ్యమును దాకట్టు పెట్టుట యే ధర్మము?