సింహిక నీడను పట్టినప్పుడు

సుందరకాండ పారాయణ మన గోదావరి సీమలో ఎన్నో ఇండ్లలో ఉన్నదే. సీతమ్మ దర్శన ఘట్టం వద్ద కన్నీరు పెట్టుకొనే మనం, మొదటి సర్గలోని సింహిక వధను మాత్రం త్వరత్వరగా దాటిపోతుంటాం. ఈ వారం అక్కడ కాసేపు ఆగుదాం.

సముద్రంపై సాగిపోతున్న హనుమ వేగం హఠాత్తుగా తగ్గింది. ఎదుట శత్రువు లేడు. నీటిలోని రాక్షసి ఆయన నీడను పట్టి లాగుతున్నది. స్వామి వెంటనే యుద్ధానికి దిగలేదు. ప్రక్కలకూ, పైకీ, క్రిందికీ పరికించి చూచాడు. నీడను పట్టే ప్రాణి ఒకటి ఉన్నదని సుగ్రీవుడు చెప్పిన మాట జ్ఞప్తికి తెచ్చుకొన్నాడు. ఆ తరువాతే ఆమెను సంహరించాడు. అప్పుడు ఆకాశంలోని భూతాలు ఆయనలో మెచ్చుకొన్నవి నాలుగు: ధృతి, దృష్టి, మతి, దాక్ష్యం. దేహబలం ఆ నాలుగింటిలో లేదు, గమనించారా!

ఆ నాలుగు గుణాలూ మన గౌతమీ తీరంలోనే ఒక బాలికలో కనబడినవి. 2023 ఆగస్టులో రావులపాలెం వద్ద, తెల్లవారుజామున, ఒక తల్లినీ ఆమె ఇద్దరు కుమార్తెలనూ బాగా తెలిసిన మనిషే వంతెన మీదినుండి నదిలోకి త్రోసివేశాడని పత్రికలలో చదివాం. ఆగస్టు నెల గోదావరి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. తల్లీ, ఏడాది బిడ్డా నీటిపాలయ్యారు. 13 ఏళ్ల పెద్దమ్మాయికి వంతెనకున్న గొట్టం చేతికి చిక్కింది. ఒక చేత్తో దానిని పట్టుకొని వ్రేలాడుతూ, రెండవ చేత్తో ఫోను తీసి 100 నంబరుకు చేసింది. పోలీసులు వచ్చి ఆమెను పైకి తీశారు.

ఆ బిడ్డ భయపడలేదని నేను అనను. ధృతి అంటే భయం లేకపోవడం కాదు, భయంతో చేయి వదలకపోవడం. మనిషిని నమ్మిన ఆ తల్లిని తప్పుపట్టడం మాత్రం ధర్మం కాదు. సింహిక కూడా ఎదురుగా రాలేదు కదా!

మన ఇండ్లలో పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఏమి నేర్పుతున్నాం? పెద్దలకు ఎదురు చెప్పరాదు, నలుగురిలో గొంతెత్తరాదు, పరువు పోతుంది అంటాం. వినయం నేర్పవలసినదే. కాని ఆపదవేళ గొంతు పెగలకుండా చేసేవి కూడా ఈ మాటలే. ఇష్టంలేని చేయి మీద పడినప్పుడు, అది బంధువుదైనా సరే, "వద్దు" అని అరవడం అవినయం కాదని మనమే చెప్పాలి. ప్రాణం తీయవచ్చిన ఆతతాయిని ఎదిరించడం దోషం కాదని మనుస్మృతి అన్నది. నేటి భారతీయ న్యాయ సంహిత కూడా 34 నుండి 44 వరకు గల సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది; అవసరానికి మించి హాని చేయరాదన్నది అందులోని హద్దు. తప్పించుకొనే దారి ఉంటే పరుగెత్తడమే మేలు. జరాసంధుని దాడులకు మథుర విడిచి ద్వారకకు తరలిన శ్రీకృష్ణుని ఎవరు పిరికివాడన్నారు?

పిల్లలను ఆలయానికి తెచ్చి రక్షాకంకణం కట్టమంటారు. సంతోషంగా కడతాను. అయితే సుగ్రీవుడు ముందే చెప్పి ఉంచిన మాట వంటిది కూడా వారికి కావాలి. అత్యవసర సహాయానికి 112, పిల్లల సహాయానికి 1098. ఈ రెండూ, వాటితోపాటు మీ ఫోను నంబరూ, చూడకుండా చెప్పగలరేమో ఈ సాయంకాలం దీపారాధన కాగానే మీ పిల్లలను అడగండి.