తొంభై రోజుల లెక్క

అమెరికాలో ఉద్యోగం వెతుకుతున్న రోలుగుంట మండలం కుర్రాడొకడి రెజ్యూమె ఈ మధ్య నా ముందుకొచ్చింది. నాలుగు పేజీలు, ఏడేళ్ల అనుభవం. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ప్రాజెక్టుకి 2018 జూన్ నుంచి జావా డెవలపర్‌గా పనిచేశాడట. చివరి పేజీలో బీటెక్ 2019–2023 అన్న లైను తీసెయ్యడం మాత్రం ఎవరో మరిచిపోయారు. 2018 జూన్‌లో ఆ అబ్బాయి చోడవరంలో ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నాడు.

"ఎవరు రాశార్రా ఇది?" అంటే, "కన్సల్టెన్సీ వాళ్లే రాశారు అన్నయ్యా. అందరికీ అలాగే పెడతారట" అన్నాడు. అబద్ధం ఆడుతున్నానన్న బెరుకు ఆ గొంతులో లేదు. ముందు వెళ్లినవాళ్లు చెప్పిన దారిలోనే పోతున్నానన్న ధీమా ఉంది. నన్ను భయపెట్టింది ఆ ధీమాయే.

విద్యార్థుల ఉద్యోగ కాగితాలు చూడటం నా పని. అమెరికాలో చదువు ముగించిన మన పిల్లలకి ఉద్యోగ సలహా బావ నుంచో, రూమ్మేట్ నుంచో, నాలుగేళ్ల ముందు వెళ్లిన సీనియర్ నుంచో వస్తుంది. ఒకప్పుడు ఆ సలహాతో గట్టెక్కినవాళ్లు ఉన్నారు, కాదనను. ఇప్పటి లెక్కలు వేరు.

ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023–24లో అమెరికాలో మన దేశ విద్యార్థులు 3,31,602 మంది. మరుసటి ఏడాది 3,63,019. పైకి చూస్తే పెరుగుదలే. లోపల చూస్తే, తరగతుల్లో కూర్చుని పీజీ చదివేవాళ్లు 1,96,567 నుంచి 1,77,892కి తగ్గారు. చదువు అయిపోయి, ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్నవాళ్లు 97,556 నుంచి 1,43,740కి ఎగబాకారు. ఒక్క ఏడాదిలో నలభై ఆరు వేల మంది అదనంగా మార్కెట్లోకి వచ్చారు. కంపెనీలు కొత్తవాళ్లని తీసుకోవడం తగ్గించిన కాలమూ అదే. ఈ తోపులాటలోనే "ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకో" అన్న మాట గట్టిగా వినిపిస్తుంది.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు ఉండవచ్చు. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు చదివినవాళ్లకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు దొరికితే, మొదటి తొంభైతో కలిపి 150. సెలవులు, ఆదివారాలు అన్నీ లెక్కే. మధ్యలో ఒక ఉద్యోగం వచ్చి పోతే లెక్క ఆగుతుందే తప్ప మళ్లీ సున్నాకి రాదు. పని అనుమతి కార్డు చేతికొచ్చిన రోజుతోనూ సంబంధం లేదు, కార్డు మీద అచ్చయిన తేదీయే మొదలు. జులై 1 అని ఉంటే సెప్టెంబరు 28కి తొంభై నిండుతాయి. చాలామంది మేలుకునేది ఆగస్టు నెలాఖరుకి. అప్పుడు "పేరోల్ నడిపిస్తాం" అనేవాడు దొరుకుతాడు. మన డబ్బే నగదుగా తీసుకుని, అందులో కొంత కోసుకుని, మిగిలింది జీతమని వెనక్కి వేస్తాడు. పని ఉండదు, పేస్లిప్ ఉంటుంది.

ఇలాంటివి పట్టుబడటం కొత్త కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకి నిఘా పరికరాలు తగిలించిన ఫొటోలు పత్రికల్లో చూశాం. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదని, ప్రభుత్వ ఏజెంట్లు పన్నిన వల అని తేలింది. మొదటి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. 2020 అక్టోబరులో, లేని కంపెనీల్లో పనిచేస్తున్నట్టు ఓపీటీలో చూపించారని పదిహేను మందిని అరెస్టు చేశారు. పదకొండు మంది మనవాళ్లే. 2025 మేలో, తొంభై రోజులు దాటినా యజమాని పేరు నమోదు కాని విద్యార్థులకి ప్రభుత్వం నుంచి నేరుగా హెచ్చరిక ఉత్తరాలు వెళ్లాయి. ఆ ఉత్తరాలు పంపడానికి ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు, రికార్డు తెరిస్తే చాలు.

ఆ రెజ్యూమె సంగతే చూడండి. వీసాకి వెళ్లేముందు నింపిన డీఎస్-160 ఫారంలో, ఇంతకు ముందు ఉద్యోగం చేశారా అని ప్రశ్న ఉంటుంది. ఆ అబ్బాయి నిజాయితీగానే "లేదు" అని పెట్టాడు. ఆ జవాబు ఫైలులో అలాగే ఉంటుంది. రెజ్యూమెలోని అబద్ధం యజమాని దగ్గర బయటపడితే ఉద్యోగం పోతుంది, అంతవరకే. అదే అబద్ధం రేపు హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకి జతచేసిన అనుభవపత్రంగా మారిందంటే, ప్రభుత్వానికే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. అలా తేలితే అమెరికా ప్రవేశంపై పడే నిషేధానికి గడువంటూ లేదు. కన్సల్టెన్సీ బోర్డు మార్చి మరో వీధిలో తెరుస్తుంది. ఫైలు మీద ఉండేది కుర్రాడి పేరు.

హెచ్1బీ కూడా మునుపటిలా లేదు. ఏటా 65,000 వీసాలు, అక్కడే పీజీ చేసినవాళ్లకి మరో 20,000. ఈ అంకెలు మారలేదు గానీ, 2026 నుంచి లాటరీలో జీతం స్థాయి ఎక్కువున్నవారికి ఎక్కువ అవకాశం ఉండేలా నిబంధన మార్చారు. తక్కువ జీతం చూపించే కన్సల్టెన్సీ చేత ఫైలు వేయించుకోవడం ఇక ఏమాత్రం లాభసాటి కాదు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు, అక్కడే ఉండి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవారికి వర్తించదని తరువాత వివరణ ఇచ్చారు. వాట్సాప్‌లో మాత్రం లక్ష డాలర్ల సంగతే తిరుగుతోంది, వివరణ ఊసు లేదు.

మరి ఏం చెయ్యాలి? దరఖాస్తు సంగతి ముందు. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందునుంచీ ఓపీటీకి పెట్టుకోవచ్చు. మొదలయ్యే తేదీని, చదువు ముగిసిన అరవై రోజుల్లోపు ఎప్పటికైనా కోరుకోవచ్చు. చేతిలో ఆఫర్ లేనివాడు తొందరపడి ముందు తేదీ కోరుకోవడం, ఉన్న రోజుల్ని చేజేతులా పారబోసుకోవడమే. మొదటి ఏడాది ఓపీటీలో, చదివిన చదువుకి సంబంధించిన పనైతే, వారానికి ఇరవై గంటలు జీతం లేకుండా చేసినా ఉద్యోగం కిందే లెక్క. పాఠం చెప్పిన ప్రొఫెసర్ ల్యాబ్‌లో అలాంటి పని అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు, కన్సల్టెన్సీకి డబ్బు కట్టడానికి పడరు. నాకు అంతుబట్టని విషయం ఇదే. స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం తప్పనిసరి, యజమాని ఇ-వెరిఫై అనే ప్రభుత్వ తనిఖీ వ్యవస్థలో నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ పత్రం మీద సంతకం చెయ్యాలి. ఆ సంతకం చేసేదెవరు, రోజూ పని చూపించేదెవరు అని అడగండి. జవాబు నసిగితే అక్కడితో ఆపెయ్యండి. యూనివర్సిటీలు, వాటి అనుబంధ ఆసుపత్రులు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థల్లో దొరికే ఉద్యోగాలకి హెచ్1బీ లాటరీతో పనే లేదు. జీతం కొంచెం తక్కువని మన పిల్లలు వాటివైపు చూడరు.

ఆ అబ్బాయి నాన్నగారు ఫోన్లో, "మావోడికి ఇంకా అవ్వలేదేటి బాబూ, పక్కింటోళ్లబ్బాయికి అయిపోనాదంట" అన్నారు. బ్యాంకు అప్పు చాలక మిగతాది ఊళ్లో వడ్డీకి తెచ్చారు. చెరకు మీద వచ్చే డబ్బు ఆ వడ్డీకే సరి. వాళ్లనీ తప్పుపట్టలేను. కానీ "ఉద్యోగం వచ్చిందా" అని రోజూ అడిగితే ఒత్తిడి పెరిగి, పిల్లవాడు పేరోల్ వాడి దగ్గరికే పోతాడు. "కార్డు మీద తేదీ ఏది? ఎన్ని రోజులు గడిచాయి?" అని అడగమని ఆయనకి చెప్పాను, కాగితం మీద రాసుకున్నారు.

ఆ లెక్క అరవై దాటితే కూర్చుని మాట్లాడుకోవాలి. నిజమైన మరో కోర్సులో చేరితే ఐ-20 అనే విద్యార్థి హోదా పత్రం బదిలీ చేయించుకోవచ్చు. చదువుకి సరిపడే జీతంలేని పనైనా పట్టవచ్చు. లేదా తొంభై నిండకముందే తిరిగి రావచ్చు. ఓపీటీ పూర్తిచేసినవాళ్లకి దొరికే అరవై రోజుల గడువు, తొంభై దాటేసినవాళ్లకి దొరకదు. తొంభై లోపలే వచ్చేసినవాడి ఫైలులో మచ్చ ఉండదు, మళ్లీ వీసా అడిగినప్పుడు దాచాల్సిందీ ఉండదు. అప్పు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని విశాఖలోనో హైదరాబాద్‌లోనో వచ్చే జీతంతో ఎన్నేళ్లలో తీర్చగలరో లెక్క వేసుకోవాల్సింది విమానం ఎక్కకముందు.