సగము పరీక్ష

జ్ఞాపకశక్తిని గూర్చిన ప్రయోగములలో శాస్త్రజ్ఞులు చిరకాలము మగయెలుకలనే హెచ్చుగా వాడిరి. ఆడుదాని ఋతుచక్రము ఫలితములను తారుమారు చేయునని వారి వాదము. 1990లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమువారు ఆ చక్రమునే పరిశీలించిరి. జ్ఞాపకమునకు ముఖ్యస్థానమైన హిప్పోకాంపసులో, నాడీకణశాఖలపై మొలకలవలె నుండు సూక్ష్మభాగములు, నాలుగైదు దినముల చక్రమునందు ఒక్క దినములోనే నూటికి సుమారు 30 వంతులు తగ్గుచున్నవని కనుగొనిరి. ఇది దోషము కాదు. మెదడు పనిచేయు తీరే యది. పైగా ఆడచిట్టెలుకల ఫలితములు మగవానికంటె చంచలములు కావని 2014లో తేలినది.

లింగభేదము నుపేక్షించినచో నష్టపడువారు రోగులు. 1992లో ఆమోదము పొందిన జోల్పిడెమను నిద్రమందు మోతాదును స్త్రీలకు సగము చేయుటకు అమెరికా ప్రభుత్వమునకు 2013 వఱకు పట్టినది. ఆడజంతువును విడిచిన పరీక్ష సగము పరీక్షయే. మన పరిశోధనాలయములు ఆడ, మగ రెంటిని పరీక్షించుటయే నియమముగా గైకొనవలయునని మా యభిప్రాయము.