కవర్ ఫిట్ అవ్వకపోతే తిట్టాల్సింది కవర్‌ వాణ్ణేనా?

ఏ రివ్యూ చూసినా ఫోన్ మందం, బరువు డెసిమల్స్‌తో సహా ఉంటాయి. తర్వాత మనం జగదీష్ మార్కెట్‌కో, తార్నాకలో రోడ్డు పక్క షాప్‌కో వెళ్లి 150 రూపాయల కవర్ కొంటాం. పైన బిగుతు, కింద లూజు. కెమెరా కటౌట్ ఒక పక్క రింగ్‌ని రాసుకుంటుంది, ఇంకో పక్క దుమ్ము దూరేంత సందు. "150కి ఇంకెలా వస్తది అన్నా" అంటాడు షాపతను. నేను ఒప్పుకోను. చాలా కవర్లకి సమస్య ధర కాదు, సమాచారం. ఫోన్ అసలు ఆకారం ఏంటో, అది ఎంత వరకు తేడా రావచ్చో కంపెనీ చెప్పకపోతే, అచ్చు చేసేవాడు చేతికి దొరికిన ఒకటి రెండు ఫోన్లు కొలుచుకోవాల్సిందే.

నేను అంబర్‌పేట్‌లో ఉంటూ కోడ్ రాసుకునేవాణ్ణి, మెకానికల్ కాదు. బీటెక్ ఫస్టియర్ డ్రాయింగ్‌లో మాకు టాలరెన్స్ అంటే ప్లస్-మైనస్, అంతే. ఓయూ క్యాంపస్‌లో మెకానికల్ చదివే మా తమ్ముడు ప్రొఫైల్ టాలరెన్స్ గురించి చెప్పాకే నాకు ఈ కవర్ల గొడవ అర్థమైంది.

ప్లస్-మైనస్‌తో చిక్కు ఇక్కడుంది. కటౌట్ మొదటి అంచు పైనుంచి 12 ± 0.15 మి.మీ., వెడల్పు 30 ± 0.15 అని ఇచ్చారనుకోండి. అవతలి అంచు 0.3 దాకా జరిగినా పార్ట్ పాసే. మూలల సంగతి ఇంకా ఘోరం. ఇప్పటి ఫోన్ల మూలలు చాలావాటికి ఒకే రేడియస్ ఉండదు, వంపు మెల్లగా మారుతూ పోతుంది. దానికి "ఆర్ 8 ± 0.2" అని రాస్తే ఎక్కడ కొలవాలి?

ప్రొఫైల్ టాలరెన్స్‌లో ముందు కచ్చితమైన ఆకారం ఇస్తారు. ఆ కొలతలు డబ్బాల్లో ఉంటాయి, వాటికి విడిగా ప్లస్-మైనస్ ఉండదు. తర్వాత కింద గీత ఉన్న అర్ధచంద్రం గుర్తు, పక్కన 0.2, దాని పక్కన డేటమ్‌లు ఏ, బీ, సీ. అంటే అసలు ఉపరితలానికి అటు 0.1, ఇటు 0.1 మందంతో ఒక పొర ఊహించుకోండి. తయారైన పార్ట్‌లో ప్రతి బిందువూ ఆ పొరలోనే ఉండాలి. డేటమ్‌లు తీసేస్తే ఆకారం మాత్రమే చెక్ అవుతుంది, కటౌట్ ఎక్కడున్నా పట్టించుకోదు. కోడ్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, రిఫరెన్స్ లేకుండా టెస్ట్ రాసినట్టే.

నాకు బాగా నచ్చింది వలయంలో యు గుర్తు. ఏఎస్‌ఎంఈ వై14.5లో 2009 నుంచి ఉంది, ఐఎస్‌ఓలో యూజెడ్ అని రాస్తారు. ఆ పొరని సగం-సగం కాకుండా ఒకే వైపుకి నెట్టొచ్చు. ఫోన్ బాడీకి 0.2, యు, 0 అంటే మెటీరియల్ అసలు ఆకారం దాటి బయటికి రాకూడదు, లోపలికి మాత్రం 0.2 తగ్గొచ్చు. కవర్ లోపలి గోడకీ అదే రాస్తే ఆ గోడ ఫోన్ వైపు రాదు, దూరంగా 0.2 జరగొచ్చు. రెండింటికీ అసలు ఆకారం ఒకటే అయితే, ఫోన్ సరిగ్గా మధ్యలో కూర్చున్నప్పుడు సందు ఒక్కో పక్క 0 నుంచి 0.4 లోపే. కవర్ ఎక్కకపోవడం అనే ప్రశ్నే రాదు. ఈ లెక్క వెయ్యాలంటే ఫోన్ వైపు నంబర్ తెలియాలి కదా?

కొంతవరకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. యాపిల్ యాక్సెసరీ తయారీదార్ల గైడ్‌లైన్స్‌లో ఫోన్ల కొలతల డ్రాయింగ్‌లు పెడుతుంది. నోకియా 2013లోనే లూమియా 820 వెనక షెల్‌కి 3డీ ఫైల్స్ ఇచ్చింది. వాల్వ్ 2022లో స్టీమ్ డెక్ బయటి షెల్ క్యాడ్ ఫైల్స్ రిలీజ్ చేసింది. మిగతా కంపెనీలు సీక్రెట్ అంటే నవ్వొస్తుంది. లాంచ్ రోజే ఫోన్ షాపులో ఉంటుంది, ఎవడైనా స్కాన్ చేసుకోవచ్చు. అయితే స్కాన్‌లో ఆ ఒక్క ఫోన్ ఆకారమే దొరుకుతుంది, ఎంత తేడా ఓకేనో దొరకదు. ఆ నంబర్ బయటపెడితే ఫ్యాక్టరీ సత్తా పోటీవాళ్లకి తెలిసిపోతుందనే భయం మాత్రం నిజమే. అందుకే లోపలి పార్ట్‌ల జోలికి పోవద్దు, బయటి ఆకారం, బటన్లు, కెమెరా బంప్ చాలు.

ఫైల్ వస్తే కవర్ కంపెనీలకే కాదు, మనకీ పని ఉంది. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోట్లు మన ఊళ్లోనే ఉన్నాయి, క్యాంపస్ హాస్టళ్లలో 3డీ ప్రింటర్ పిచ్చోళ్లకీ కొదవ లేదు. మూడేళ్ల పాత ఫోన్‌కి మార్కెట్లో కవర్ దొరకనప్పుడు ఫైల్ తీసి ప్రింట్ కొట్టుకోవచ్చు. ఈలోగా రివ్యూవర్లకి నాదొక రిక్వెస్ట్. "బిల్డ్ క్వాలిటీ ప్రీమియం" అని రాసే ముందు బాక్స్‌లో వచ్చిన కవర్ వేసి, నాలుగు మూలలా ఫీలర్ గేజ్ పెట్టి సందు ఎంతో రాయండి. గేజ్ సెట్ పెద్ద ఖరీదు కూడా కాదు, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది.